సభలో చెప్పాల్సిన పేరు

చైనా సాయం ఆపేసి తన ఇంజనీర్లను వెనక్కి పిలిపించుకుంది. అల్బేనియాలోని ఎల్బసాన్ ఉక్కు కర్మాగారంలో కొలిమి చల్లారిపోయింది. వాళ్ళకు దుబాసీగా పనిచేసిన భర్త, పక్కింటికి వినబడకుండా రేడియో మోత పెంచి భార్య ఎదుట కూర్చున్నాడు.

"రేపు కర్మాగారంలో పార్టీ సభలో నిన్ను అడుగుతారు. కొలిమిని చల్లార్చిన ద్రోహి ఎవరు?"

"విడిభాగాలు పంపే చైనాతో తగువు పెట్టుకున్న మన దేశనేత."

"నీకు పుణ్యముంటుంది, ఆ మాట మళ్ళీ అనకు!"

"మొదట రష్యావాళ్ళు అన్నదమ్ములన్నాడు, తర్వాత గూఢచారులన్నాడు. ఇప్పుడు చైనావాళ్ళ వంతు. సొంత జనం గుసగుసలాడినా ఉలిక్కిపడేవాడికి పరాయి దేశంతో స్నేహం ఎన్నాళ్ళు నిలుస్తుంది?"

"అతని సంగతి వదిలెయ్. చైనావాళ్ళతో పనిచేసినందుకు నన్నెలాగూ జైలుకు తీసుకుపోతారు. నువ్వు నా పేరు చెప్పి విడాకులడిగితే, పిల్లకు ద్రోహి కూతురన్న మచ్చ తప్పుతుంది. చదువుకోనిస్తారు."

"రష్యన్ నేర్చుకుని మా నాన్న పోయాడు. చైనా భాష నేర్చుకుని మీరు పోతున్నారు. పిల్లను ఏ భాషా నేర్చుకోవద్దనండి!"

"ఏడవకు. చెప్పు."

"భర్త పేరు పలకకూడదన్నది మీ అమ్మగారు పెట్టిన ఆనవాయితీ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మీ పేరు పలకలేదు. మొదటిసారి ఇందుకా?"

"పిల్ల కోసం. ద్రోహి ఎవరు?"

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"నా భర్త... నెవ్రుజ్."

"అలా కాదు. సభలో చివరి వరుసకు వినబడాలి. గొంతు వణక్కూడదు."

"నెవ్రుజ్!"