ఎండలో తిరిగిన సీసా

మురుగునీటి శుద్ధికేంద్రం ఆపరేటరు, ల్యాబులోని పెద్దావిడ నోటిమాట కోసం గుమ్మంలోనే ఆగిపోయాడు. అతని కేంద్రం ఏటిలోకి వదిలిన నీటిలో క్రిములు మితిమీరి ఉన్నాయని మొదటి పరీక్షలో తేలింది. దిగువన అతని అక్క ఊరివాళ్లు తాగేది ఆ ఏటినీళ్లే.

"లోపలికి రా నాయనా. నిన్న నేనే మీ ప్లాంటుకొచ్చి పట్టిన నీళ్లు శుభ్రంగా ఉన్నాయి."

"మరి నేను తెచ్చిన మొదటి సీసా, మేడమ్?"

"దాన్ని ఐసుపెట్టెలో పెట్టి తెచ్చావా?"

"పెట్టెలో నా క్యారేజీ ఉంది. సీసాను బండికి తగిలించాను."

"ఎండలో ఊరంతా ఊరేగించావన్నమాట. అందుకే క్రిములు అందులో పిల్లాపాపలతో కాపురం పెట్టాయి."

"అయితే ప్లాంటు తప్పు లేదా?"

"లేదు. మీ అక్కకు ఫోను చేసి, ఇక ఆ నీళ్లు తాగొచ్చని చెప్పు."

"వద్దన్నా ఆవిడ మానలేదు మేడమ్. మా తమ్ముడు వదిలిన నీళ్లేగా అని పిల్లలకూ అవే పట్టింది."

"ముందలా కూర్చో. కాసిని మంచినీళ్లు తాగు."