సప్పుడును డబ్బాల పట్టిన సమ్మన్న

సిరొంచ బస్టాండు పక్కన రాజవ్వ చాయ్ బండి దగ్గర అరుంధతి టీచర్ రెండో చాయ్ కూడా తాగేసింది. గడ్చిరోలి బస్సుకు ఇంకా ముప్పావు గంట ఉంది. ఆమెకు కావలసిన సంచి మాత్రం రేడియో సమ్మన్న రెండు కాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. కథ అయ్యేదాకా అది కదలదని ఆమెకు తెలిసిపోయింది.

సంచిలో ఉన్నది అంకిస బడి పిల్లలు రెండు నెలలు కూచుని చేసిన చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్. మైకులో మాట్లాడితే గదికి ఆ చివర ఉన్న రేడియోలో వినబడుతుంది, అంతకు మించి పోదు. రేపు పొద్దున జిల్లా విజ్ఞాన ప్రదర్శనలో దాన్ని బల్ల మీద పెట్టాలి. మాట కన్నా ముందు గుయ్యిమని రొద వస్తుంటే పోయిన వారం సమ్మన్న చేతిలో పెట్టింది. ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి. రేడియోలు వినేవాళ్లు కరువయ్యాక దుకాణం మూసి వరి వేసుకుంటున్నాడు. నోరు మాత్రం మూయలేదు.

"సమ్మన్న మామా, బాగైందా, లేదా? ఆ ఒక్క ముచ్చట చెప్పు. కాకుంటే ఇప్పుడే పేరు కొట్టేయమని ఫోన్ చేస్త. పిల్లలను తీస్కపోయి పదిమందిల నగుబాటు చేయలేను."

"బాగు కాకపోవుడేంది టీచరమ్మా! గుయ్యి సప్పుడు నాకొక లెక్కనా? అది ప్లగ్గుల పెట్టే అడాప్టర్‌కెళ్లి వస్తది. దాన్ని అవతల పారేసి బ్యాటరీ మీద పెట్టిన. గుయ్యి బంద్."

అంతవరకు సబబుగానే ఉందని అరుంధతి తలూపింది. అదే ఆమె చేసిన తప్పు. తలూపే మనిషి దొరికితే సమ్మన్నకు ఇక బ్రేకులుండవు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుయ్యి పోయి టక్కు వచ్చింది. టక్, టక్, టక్, సెకనుకొకటి. కరెంటే అనుకొని ఇంటి ఫ్యూజు పీకిన. టక్. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఆపిచ్చిన. టక్. ఇగ నాకు కోపమొచ్చింది. సిరొంచ తాలూకా మొత్తం కరెంటు బంద్ పెట్టిచ్చిన."

"ఎప్పుడు బావా?" గిన్నెలో పాలు కలుపుతూ రాజవ్వ అడిగింది. "నా ఫ్రిజ్జు ఆగనే లేదు."

"పాలు ఇరుగుతయని నీ ఒక్కదానికి వేరే తీగ ఏపిచ్చిన మరదలా. అయినా టక్కు పోలే. ఇటు ప్రాణహిత అవతల తెలంగాణ, అటు ఇంద్రావతి అవతల ఛత్తీస్‌గఢ్, మనదితోని కలిపి మూడు రాష్ట్రాలు బంద్! భామ్రాగడ్ దిక్కు ఒక పెండ్లిల డీజే ఆగిపోయి పెండ్లికొడుకు నా మీదికి కొట్లాటకొచ్చిండు. జర ఓపిక పట్టు బిడ్డా, అంకిస పిల్లల పని అని బతిమాలుకున్న."

"మరి సప్పుడు?" అన్నాడు చేపల గంప మీద కూచున్న మంగయ్య. గోదావరిలో వల వేసే అతనికి ఈ బస్సుతో పని లేదు, కథతోనే పని.

"ఆడికే వస్తున్న. రేడియోను ఒక దిక్కు తిప్పితే సప్పుడు పెరుగుతది, ఇంకో దిక్కు తిప్పితే తగ్గుతది. మా వరండా గోడ దిక్కు తిప్పిన, చెవులు పగిలినయ్. గోడ అవతల నా పొలం, పొలం అవతల గోదావరి. అంటే నది అవతలికెళ్లి వస్తున్నట్టే గద! రేడియో సంకన పెట్టుకొని గోదావరిల దిగిన."

"ఈదినవా?"

"నడిచిన. అడుగున."

"ఊపిరి?"

"రేడియో ఏరియల్ లోపల బోలుగ ఉంటది గద, దాన్ని పైకి పెట్టి పీల్చిన."

"పోయిన వారం నా వలకు మనిషంత చిల్లు పడ్డది. నువ్వేనా?"

"ఆ చిల్లుల నుంచే బయటపడ్డ మంగన్నా. చేపలు గూడ నా ఎంటే వచ్చినయ్, నేనేం జేస్త? ఇగ ఆవలి ఒడ్డెక్కితే ఏమున్నది? పులి! కండ్లు మూసుకొని కూసున్నది, తోకతోని నేల మీద కొడుతున్నది. టక్, టక్."

"అయితే సప్పుడు పులిదన్నట్టు."

"కాదు. సప్పుడు వేరే, పులి తాళం ఏస్తున్నది. నేను తోక పట్టుకొని ఏరియల్ తీగ చుట్టి నిలబెట్టిన. అబ్బ, ఏం సిగ్నల్! ఢిల్లీ వచ్చింది, లంక వచ్చింది, ఇంకింత లేపితే చంద్రుడే దొరికిండు."

"చంద్రుని మీద ఎవరు మాట్లాడుతున్నరు బావా?"

"ఎవరో మరాఠీల హవామాన్ చెప్తున్నరు. ఈ ఏడు అక్కడ వాన లేదట." సమ్మన్న ఒక గుక్క చాయ్ తాగాడు. "అప్పుడు కనబడ్డది, తోక చివర సప్పుడు, మిణుగురంత. టిఫిన్ డబ్బా మూత తీసిన, పట్టిన, మూత పెట్టిన. తీస్కపోయి సంగమం కాడ ఇసుకల పాతిపెట్టిన. నిన్న పొద్దుమూకంగ సెట్టు, బ్యాటరీ ఈ సంచిల ఏసుకొని సిరొంచల మా చెల్లెలింటికొచ్చి ఇక్కడ పెట్టి చూసిన. టక్కు లేదు!"

సంచి ఇంతసేపటికి కాళ్ల మధ్య నుంచి బయటికొచ్చింది. అరుంధతి ట్రాన్స్‌మిటర్‌ను బల్ల మీద పెట్టి, రాజవ్వ రేడియోను దగ్గరికి లాక్కుని, మైకులో "ఒకటి, రెండు" అంది. రేడియో "ఒకటి, రెండు" అంది. గుయ్యి లేదు, టక్కూ లేదు. పేరు కొట్టేయించే పని తప్పింది.

కాని ఆమె టీచరు. "రేపు బల్ల కాడికొచ్చినోళ్లు ఈ సప్పుడు ఎట్ల పోయిందని అడుగుతరు మామా. పిల్లలు పులి తోక అని చెప్పలేరు గద. ఈ బ్యాటరీ ఎక్కడిది?"

"ఇంటిదే."

"ఇంట్ల దేనికి పెట్టింది?"

సమ్మన్న చాయ్ గ్లాసు నోటికి ఎత్తుకున్నాడు. ఆ ఖాళీలో రాజవ్వ దూరింది. "ఇంక దేనిది టీచరమ్మా! పందులు రాకుండ పొలం చుట్టు కట్టిన ఝట్కా తీగది. ఆ తీగకు షాకిచ్చే మిషన్‌ను వరండా గోడకే తగిలిచ్చిండు. మొదటి ఝట్కా తన లుంగీకే తగిలింది, మా అక్క చెప్పింది."

అరుంధతికి నవ్వు ఆగలేదు. "మామా, ఆ మిషన్ తీగలకు సెకనుకొక దెబ్బ వదులుతది. వదిలినప్పుడల్లా రేడియోల టక్కుమంటది. అది నడిచేది బ్యాటరీ మీద, ఇంక నువ్వు మూడు రాష్ట్రాల ఫ్యూజులు పీకితే ఏం లాభం? ఆ బ్యాటరీకే మా సెట్టు గూడ కలిపినవ్. నిన్న పీక్కొచ్చినవ్, మిషన్ ఆగింది, టక్కూ ఆగింది."

"అదే గద నేను చెప్పింది," అన్నాడు సమ్మన్న. "సప్పుడును పట్టుకున్న అని."

మంగయ్య గంప మీద నుంచి మెల్లగా లేచాడు. "సమ్మన్నా, బ్యాటరీ ఈడున్నది. నీ వరి కోతకొచ్చింది. మరి నిన్న పొద్దుమూకినప్పటి నుంచి పందులకు అడ్డం ఏమున్నది?"

సమ్మన్న గ్లాసు కింద పెట్టాడు. చాయ్ సగం అలాగే ఉంది. అతను చాయ్ వదిలేయడం రాజవ్వ ఇంతవరకు చూడలేదు.

"పందులకు నా పేరు తెలుసు, రావు," అంటూనే బ్యాటరీ తీగలు పీకి చంకన పెట్టుకున్నాడు. "టీచరమ్మా, మరి నీకు?"

"ఎనిమిది టార్చి సెల్లులు చాలు మామా. నువ్వు పో. గుయ్యి పోగొట్టింది మాత్రం నువ్వే, అది పిల్లలతోని చెప్పిస్త."

"పులి సంగతి గూడ..." అన్నాడు సమ్మన్న. మిగతా మాట మోటార్‌సైకిల్ కిక్కు చప్పుడులో కలిసిపోయింది. నాలుగు కిక్కులు కొట్టాకగాని అది స్టార్ట్ కాలేదు.

పక్క దుకాణంలో సెల్లులు కొనుక్కొచ్చి, వరసగా కలిపి, బస్సు వచ్చేలోపు ఇంకొకసారి చూద్దామని అరుంధతి మైకును రాజవ్వ చేతికిచ్చింది. రాజవ్వ కొంగు సర్దుకుంది. బల్ల మీది రేడియో ఒక్క టక్కు లేకుండా బస్టాండులో వాళ్లందరికీ చెప్పింది:

"ఇనుండ్రి. మా సమ్మన్న బావ మూడు రాష్ట్రాల కరెంటు ఆపిండట. ఆయన ఆపింది ఒక్కటే, తన పొలం కంచెది."