కూర్మమ్మ దిబ్బ మీది నల్లేరు

నేనింతవరకూ ఏదీ రాయలేదు. అయిదో తరగతి దాకా చదివాను, అంతే. కానీ మా పక్కింటి అసిరమ్మత్త చెప్పింది ఎవరితోనూ అనలేక రాస్తున్నాను. మా ఆయన తెప్ప దగ్గర జారిపడి కాలు విరిగి మూడు నెలలైంది. కట్టు విప్పి చూస్తే ఎముక అతకలేదు. ఇంకో నెల చూసి, అప్పటికీ అతక్కపోతే ఇంక వేట మాట మర్చిపొమ్మన్నారు డాక్టరుగారు. విరిగిన ఎముకని అతికిస్తుందంటారు కదా అని, ఆ మధ్యాహ్నం నల్లేరు తీగ ఎక్కడ దొరుకుతుందని అత్తనడిగాను.

"నల్లేరేటే? మీయాయనకా? డాట్రు ఇచ్చిన మాత్తర్లు మానిపించకు సుమీ. సోడి అంబలి పోస్తన్నావా? నూగుల సిమ్మిలి పెడతన్నావా? నెత్తళ్ళ సేపలు ముళ్ళతో నమలమను, ముళ్ళు తీసీసి పెడితే ఏటి లాభం. ఇవన్నీ కూర్మమ్మ సెప్పినవేనే. నువ్వెరగవు, నువ్వు కాపరానికి రాకముందే పోనాది. ఎముకలకి కట్లు కట్టీది. ఆవిణ్ణి పిలవక్కర్లేదు, తనే అంబలి ముంత పట్టుకుని వచ్చి గుమ్మంలో కూకునీది. 'ఎవులికే కూర్మమ్మా?' అంటే, 'ఇంకా పడలేదులే' అనీది. పొద్దుగూకేసరికి ఆ ఇంట్లో ఎవులో ఒకలు పడీవోరు. నవ్వుతావేటి? మా తోటికోడలూ నవ్వింది. సాయంత్రం నూతికాడ జారింది.

ఆవిడ పోయాక ఇసక దిబ్బ మీద కప్పెట్టేరు. ఏడాది తిరక్కుండా దాని మీద నల్లేరు లేచింది, ఎవులూ నాటలేదు. రొయ్యల సెరువులొచ్చి ఆ ఉప్పుకి ఊళ్ళో నల్లేరంతా సచ్చిపోనాది గానీ, అక్కడ మాత్రం పచ్చగా ఉన్నాది. ఎవులూ ముట్టరు. నాను ముట్టేను. నువ్వు రాకముందే, మీ మావకి సెయ్యి ఇరిగింది మరి. దురద పుట్టకుండా సేతులకి నూనె రాసుకున్నాను. లేత కణుపులు ఇరిసి, సింతపండేసి పచ్చడి నూరి పెట్టేను. ఒక్కటే తప్పు సేసేను. నల్లేరు ఇరిసినప్పుడు అది ఎవులికోసమో పేరు పైకి సెప్పాలని కూర్మమ్మ ఎప్పుడూ అనీది, ఆ ఎముక ఎవులిదో మొక్కకి తెలవాలట. మొగుడి పేరు ఎలా సెప్తావే? సిగ్గు. నోరు మూసుకుని ఇరిసేను.

సెయ్యి అతుక్కుంది. నెల్లాళ్ళకే. డాట్రు కూడా ఇసిత్రపోయాడు. కానీ అది మీ మావ సెయ్యి కాదే. వల ముడి వెయ్యడం మర్సిపోనాది. తేపతేపకీ పక్కోడి మణికట్టు పట్టుకుని తడిమీది. అచ్చం కూర్మమ్మ తడిమినట్టే, బొటనేలు తిప్పి. 'ఒదల్రా బావా, నానేటి నీ పెళ్ళాన్నా' అని తెప్ప మీద తోడుండే వెంకీ ఏడిపించేడు. మర్నాడు వెంకీకి అదే మణికట్టు తెప్పల మధ్య నలిగిపోనాది. అప్పట్నుంచి మీ మావ ఎదురొస్తే సాలు, జనం సేతులు ఎనక్కి పెట్టుకునీవోరు. పాపం, ఆయన ఆ సేతిని తువ్వాలుతో నడుంకి కట్టీసుకునీవోడు. ఒక పొద్దున్న టీ పట్టుకెళ్తే తువ్వాలు ఊడిపోయి ఉన్నాది. సెయ్యి ఆయన మెడనే తడుముతన్నాది, ఎముక ఎముకా, నిమ్మళంగా. కళ్ళేమో నాకేసి సూస్తన్నాయి. 'ఏటయ్యా అది?' అన్నాను. 'నాను కాదే' అన్నాడు.

మర్నాడు తెప్ప తిరగబడింది. మెడే.

ఇప్పుడు సెప్తన్నాను సూడు, మీ మావ పేరు. లక్ష్ముడు. లక్ష్ముడు. ఇప్పుడు సెప్పి ఏటి లాభం..."

అత్త నెత్తళ్ళ చేట ఒళ్ళోకి లాక్కుని తలలు గిల్లుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే చేతులకి నూనె రాసుకుని దిబ్బ మీదకి వెళ్ళాను. చుట్టూ ఎవరూ లేరు. అయినా కొంగు దానంతటదే నోటికి అడ్డమొచ్చింది. తీసేశాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి "ఈశ్వర్" అన్నాను. నాకే సరిగా వినపడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను.

నేనింకా చెయ్యి చాపలేదు. ఒక కణుపు టక్కుమని విరిగి నా కాళ్ళ దగ్గర పడింది.