పాడకుండా రాయమంటే

కాపీ కాదు సార్! ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ఆ పిల్ల జామెట్రీ బాక్సు బోర్లించారు, అట్ట వెనక చూశారు. ఏమైనా దొరికిందా? దొరకదు. అది కూనిరాగం సార్, అంతే!

మీరు ఈ సెంటర్‌కి చీఫ్ సూపరింటెండెంటు, మీ మాట కాదనడానికి నేనెవర్ని? ఆ పిల్లకి సైన్స్ చెప్పే టీచర్ని. పరీక్ష హాల్లోంచి బయటికి పంపేశారని తెలిసి గేటు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాను.

అసలు మా క్లాసు చూడాలి మీరు! గుండె పాఠం మొదలెడితే చాలు, వెనక బెంచీలు గుర్రు. ఈ పిల్లయితే మరీను, నాలుగు మాటలు వరసగా గుర్తుండవు. కానీ సినిమా పాటో? మొదట్నుంచి చివరిదాకా, మధ్యలో తబలాతో సహా!

దాంతో నాకు ఐడియా వచ్చింది. రక్తప్రసరణని ఓ హిట్టు డ్యూయెట్ బాణీలో కట్టాను. కుడి కర్ణిక హీరో, కుడి జఠరిక హీరోయిన్. నవ్వకండి సార్. ఆమ్లాలూ క్షారాలూ మాస్ పాటకి కట్టాను. పిల్లలు ఎగబడి నేర్చుకున్నారు. ఈ పిల్ల సైన్సులో మొదటిసారి పాసైంది, తెలుసా? వాళ్ళమ్మ వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

మరి బడి పరీక్షలు ఎలా రాసిందంటారా? అక్కడ ఇన్విజిలేటర్ని నేనే కదండీ. అందరూ సన్నగా పాడుకుంటూ రాసేవాళ్ళు. నేను బల్ల మీద తాళం వేసేదాన్ని. నోరు మూసుకుని రాయాల్సిన రోజొకటి వస్తుందని నా బుర్రకి తట్టలేదు. సిగ్గుగా ఉంది సార్.

మిగతావాళ్ళు మనసులో పాడుకుంటున్నారుగా అంటారు. నిజమే. ఈ పిల్లకి నోరు కదిలితేనే చెయ్యి కదులుతుంది, ఏం చెయ్యను? పక్క పిల్లలు ఫిర్యాదు చేశారు, వాళ్ళ తప్పూ లేదు.

పోనీ, ఆ విరిగిన బెంచీల గదిలో కూర్చోబెట్టండి. కాపలా నేనుంటా... అవును, నేను ఉండకూడదు. మీ అటెండర్ని పెట్టండి! అదీ కుదరదా? ఈసారి తప్పితే కుట్టు మిషన్ల షెడ్డులో పనికి పెట్టేస్తానని వాళ్ళ నాన్న తేల్చేశాడు సార్. కాళ్ళు పట్టుకోమంటారా?

ఏంటీ, లోపలికి పంపిస్తారా? చప్పుడు చెయ్యకపోతేనే? సరే సార్, సరే.

అమ్మాయ్, ఇలా రా. కళ్ళు తుడుచుకో. వెళ్ళి పాట లేకుండా రాసెయ్, ఏం? ఏమిటీ, పాట లేకుండా జవాబు ఎలా మొదలవుతుందా?

చెప్పను సార్, చెప్పను! జవాబు చెప్పకూడదని నాకు తెలీదా? నువ్వెళ్ళమ్మా, టైమైపోతోంది. వెళ్ళు తల్లీ.

అలా చూడకండి సార్. చెప్పాలన్నా నావల్ల కాదు. ఇందాకట్నుంచీ నేనూ లోలోపల ప్రయత్నిస్తున్నాను. కుడి కర్ణిక... ఆ తర్వాత బాణీ వస్తోంది గానీ మాట రావట్లేదు. నా పాఠమే సార్!

ఆ కిటికీలోంచి కనిపిస్తోంది చూడండి. పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టేసింది.