నా గొంతు కొండకర్లలో వినిపించిన రోజు

నా పేరు షేక్ మునీర్. తండ్రి పేరు అల్లాబక్ష్. వయసు యాభై ఒకటి. అనకాపల్లిలో కేబుల్ టీవీ నడుపుతాను. నిన్న తప్పిపోయి దొరికిన అమీరున్నీసా మా అమ్మ. ఎస్సై గారు అడిగిన మీదట చెబుతున్నాను.

రెండేళ్లుగా జనం సెట్‌టాప్ బాక్సులు తెచ్చి నా చేతిలో పెట్టేస్తున్నారు. అన్నీ ఫోన్లోనే చూస్తున్నామంటారు. కబడ్డీ పోటీలు మా లోకల్ చానల్లో వేసుకోవడానికి ఎస్. రాయవరం నిర్వాహకుల దగ్గర నేను అనుమతి తీసుకున్నాను. ఫోన్లో చానల్ నడిపే ఇందు అనే అమ్మాయి అనుమతి లేకుండా వాటిని లైవ్ ఇచ్చేసింది. ఆమె మీద మొన్న ఈ స్టేషన్‌లోనే ఫిర్యాదు చేశాను.

నిన్న ఉదయం తొమ్మిదింటికి చూస్తే అమ్మ ఇంట్లో లేదు. అమ్మకు ఈమధ్య మతిమరుపు. ఎవరైనా అడిగితే తన పేరూ ఊరి పేరూ కూడా చెప్పుకోలేదు. మా చానల్లో సినిమా ఆపి ఆమె ఫొటో వేశాను. ఒక్కటే ఫోను వచ్చింది, సినిమా ఎందుకు ఆపేశారని.

మధ్యాహ్నం స్టేషన్‌కు వచ్చాను. నా ఫిర్యాదు మీద పిలిపించిన ఇందు అక్కడ బెంచీ మీద కూర్చుని ఉంది. నేను ఎస్సై గారితో చెబుతున్నదంతా విని లేచి వచ్చింది.

"బాబాయ్, ఫొటో ఇలాగివ్వండి. ఇప్పుడే లైవ్ పెడతాను" అంది.

ఫొటో ఇచ్చాను. గేటు బయట ఆమె ఫోను నా ముఖం ముందు పెట్టింది.

"నువ్వే చెప్పమ్మా" అన్నాను.

"నేను సెప్తే వార్తలాగుంటది. మీ అమ్మ కదేటి! మీరే మాటాడండి."

ఇన్నేళ్లు చానల్ నడిపాను గానీ ఎప్పుడూ కెమెరా ముందుకు రాలేదు. ఏం చెప్పానో గుర్తు లేదు. అమ్మీ, ఎక్కడున్నావు అని మాత్రం చాలాసార్లు అన్నాను.

కాసేపటికి కొండకర్ల నుంచి ఫోను వచ్చింది. అక్కడ మాకెవరూ లేరు. అమ్మ అక్కడికి ఎలా వెళ్లిందో ఇప్పటికీ తెలియదు. మాట్లాడినావిడ చేపలమ్మే బుల్లమ్మ.

"బాబూ, మీయమ్మ నా పక్కనే ఉంది. పొద్దున్నుంచీ పేరడిగితే సెప్పలేదు. ఇప్పుడు నా ఫోన్లో మీ గొంతు ఇనీసి, మా మునీరూ అని ఫోను లాక్కుంది."

తర్వాత అమ్మ పలికింది. "ఒరే మునీరూ, టీవీలో కూకుని ఎందుకురా ఏడుత్తన్నావు?"

ఇందు తన స్కూటీ మీద నన్ను కొండకర్ల తీసుకెళ్లింది. అమ్మ బుల్లమ్మ ఇంట్లో అన్నం తిని ఉంది. క్షేమంగా ఉంది.

ఇందు మీద నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరి బలవంతమూ లేదు. వచ్చే ఆదివారం తుమ్మపాలలో కబడ్డీ ఉంది. కెమెరాలు నావి, ఫోన్ చానల్ ఆమెది. వ్యాఖ్యానం నన్నే చెప్పమంటోంది. మా అమ్మా అదే అంటోంది.

ఇందులో రాసినవి నా మాటలే. ఎస్సై గారు చదివి వినిపించారు, జరిగింది జరిగినట్టే ఉంది. ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) షేక్ మునీర్