అందరికీ అందిన కబురు

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న బావగారూ, మీకు నమస్కారం పెట్టడానికి మాత్రం నాకు చేతులు లేవడం లేదు. చూడండి, ఎంతమందిమి వచ్చామో! కుర్చీలు చాలక పక్క గదిలోంచి తెచ్చి వేశారు. మనలో ఇద్దరు పోయిన మంగళవారం ఆసుపత్రికి వెళ్ళి ఉంటే, ఈ సభే ఉండేది కాదు.

ఫోనక్క అంటే తెలియని ఇల్లు మన వీధుల్లో ఉందా? కుట్టుమిషను తొక్కుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఎవరికి రక్తం కావాలన్నా మనిషిని పట్టి పంపేది. మన బేకరీ ఆయనకి సూదంటే చచ్చేంత భయం. ఏవేవో సాకులు చెప్పాడు. ఆవిడ స్కూటరు వేసుకుని నేరుగా కొట్టు ముందుకే వెళ్ళింది. "కళ్ళు తిరిగి పడిపోతే పట్టుకుంటాను గానీ, పారిపోతే నీ వెనక పరిగెత్తలేను. ముందు బండెక్కు!" అంది. ఆరోజు ఆయనిచ్చిన రక్తంతో బతికిన బాలింత ఇప్పుడు బిడ్డనెత్తుకుని మూడో వరుసలో కూర్చుంది. అవునా అమ్మా?

అలాంటి మనిషి ఉండగా మనం ఏం చేశాం? రక్తం కోసం ఫోన్లలో పెద్ద గ్రూపు పెట్టాం. వెయ్యిమందిని చేర్చాం. దానికి అడ్మిన్‌ని నేను. నేను ఒక మాట పెడితే ఊరంతా తిరుగుతుందని మీరన్నారు, నేను పొంగిపోయాను. "ఇంక నువ్వు గొంతు చించుకోనక్కర్లేదక్కా, ఒక్క నొక్కు నొక్కితే చాలు" అన్నాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "అందరికీ చెప్తే, ఎవడికి వాడు పక్కవాడు వెళ్తాడులే అనుకుంటాడ్రా తమ్ముడూ. పేరు పెట్టి అడగాలి. వస్తానని వాడి నోటితో అనిపించుకోవాలి" అంది. నవ్వేశాం. పాతకాలం మనిషి అనుకున్నాం.

మంగళవారం ఆపరేషన్‌లో ఆవిడకే రక్తం ఆగలేదు. ఆవిడది ఓ నెగటివ్, అదే రక్తం తప్ప వేరేది ఎక్కదు. ఆసుపత్రిలో ఉన్నది కాస్తా అయిపోయింది. భార్యకి రక్తం కావాలని బావగారు గ్రూపులో పెట్టారు. మనం ఊరుకున్నామా? ఊరుకోలేదు! అయ్యో అన్నాం. దణ్ణం పెట్టే బొమ్మలు పంపాం. తలా పది గ్రూపులకి పంపాం. ఆ కబురు తిరిగి తిరిగి, "దయచేసి అందరికీ పంపండి" అంటూ బావగారి ఫోనుకే వచ్చింది. ఆయన ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చుని మెట్ల వైపే చూస్తున్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆ మెట్లెక్కి రాలేదు. నేనేం చేస్తున్నాను? అదే కబురు నేనూ పెట్టి, దాన్ని ఎంతమంది చూశారో సాయంత్రం దాకా చూసుకుంటూ కూర్చున్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా!

ఆవిడ పోయిందని తెలిశాక మాత్రం సంతాపాలు పెట్టడంలో ఒకరిని మించి ఒకరం తొందరపడ్డాం.

ఇప్పుడు లేచి నిలబడి ఆవిడ కోసం మౌనంగా ఉందాం. కానీ అందరూ ఒకేసారి లేవొద్దు. ఓ నెగటివ్ రక్తం ఉన్నవాళ్ళు ముందు లేవండి. పక్కవాళ్ళ వైపు చూడకండి. బావగారిని మన ముఖాలు చూడనివ్వండి. ఆ తర్వాత మిగతావాళ్ళు లేవండి.

నేను ఎలాగూ నిలబడే ఉన్నాను. నాదీ ఓ నెగటివే.