మారిన మనిషి

అమీర్‌పేటలో జోగారావు ఇల్లు. జైలు సూపరింటెండెంటుగా నిరుడు రిటైరైన ఆయన, మేడ మీది పోర్షన్ అద్దెకు అడగడానికి వచ్చిన రాజనర్సయ్యను ఇప్పుడే వాకిట్లోంచే పంపేశాడు. కూతురు సుమశ్రీ ఊరుకోలేదు.

“గుమ్మం కూడా ఎక్కనివ్వలేదేంటి నాన్నా?”

“పోర్షన్ ఖాళీ లేదన్నాను. అంతే.”

“గేటుకి టులెట్ బోర్డు వేలాడుతోంది. అది చూసే వచ్చాడాయన.”

“ఆ బోర్డు తీసెయ్. ముందు అది తీసెయ్.”

“బోర్డు సంగతి కాదు నాన్నా. పద్నాలుగేళ్లు జైల్లో ఉన్నవాడు. చేతిలో మీరిచ్చిన సర్టిఫికెట్టే. హత్యకేసులో వచ్చి పూర్తిగా మారిన మనిషి అని, కింద మీ సంతకం!”

“అలాంటి కాగితాల మీద వందల సంతకాలు పెట్టాను.”

“అంటే అన్నీ అబద్ధాలేనా?”

“సుమా, గొంతు తగ్గించు.”

“తగ్గించను. మా కాలేజీకొచ్చి ఏం చెప్పారు? జైలంటే శిక్షించడానికే కాదు, మనిషిని బాగుచేసి పంపడానికన్నారు. నేరం చేసిన కుర్రాళ్లకి బోర్‌స్టల్ స్కూలు, నమ్మకస్తులకి గోడల్లేని ఓపెన్ జైలు అని గంటసేపు చెప్పారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టాను నేను!”

“అవన్నీ నిజమే.”

“నిజమైతే గది ఎందుకివ్వరు? ఓపెన్ జైల్లో వడ్రంగం నేర్చుకున్నాడట. పంజాగుట్టలో ఫర్నిచర్ షాపులో పని దొరికింది. ఇల్లే దొరకట్లేదు. ‘బల్కంపేటల పది ఇండ్లు తిరిగిన మేడమ్, జైలనంగనే తలుపులు ఏసుకుంటున్రు. సార్‌కైతే నేనెరుకే గదా అని వచ్చిన’ అని వెళ్తూ గేటు దగ్గర నాతో అన్నాడు.”

“ఇంకేమన్నాడు?”

“ఇంకేమంటాడు?”

“నా గురించి. ఏమన్నా... చెప్పాడా?”

“మీరు మంచోరన్నాడు. నాకు సిగ్గేసింది. ఆయనంటే భయమా మీకు? ఇంట్లో ఆడపిల్ల ఉందనా?”

“ఆ. అదే. అదే అనుకో.”

“అనుకోవడమేంటి? నావైపు చూసి చెప్పండి. కోర్టు వేసిన శిక్ష అయిపోయింది. మీరింకా ఎన్నేళ్లు వేస్తారు?”

“వాణ్ణి మాత్రం వెనక్కి పిలవకు సుమా.”

“పిలుస్తాను. ఇంకా మెట్రో స్టేషన్ దాకా కూడా వెళ్లుండడు. మా నాన్నకి మనుషులు మారతారన్న నమ్మకం లేదని చెప్పి, నేనే క్షమాపణ అడుగుతాను.”

“ఆగు! మారడానికి వాడేం చేశాడే? ఆ హత్య చేసినవాడు వేరే. ఇంకో కేసులో వచ్చి మా జైలు ఆసుపత్రిలోనే పోయాడు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని అంతా చెప్పాడు. ప్రమోషన్ ముందు ఈ తలనొప్పి ఎందుకని... కోర్టుకి రాయలేదు నేను.”

“ఎప్పుడు? నాన్నా, ఎప్పుడు?”

“రాజనర్సయ్య లోపలికొచ్చిన రెండో ఏడు.”